హజరత్తయ్య వల పాట

హైదరాబాదు,
నవంబరు.

మామయ్యా,

ఫోను చేస్తే మీరు "సముద్రం హోరులో ఏమీ వినపడదు, ఉత్తరం రాయి" అంటారు. మైపాడు పోస్టాఫీసులో ఉద్యోగకాలమంతా ఊరందరి ఉత్తరాలూ పంచి, తనకంటూ రాసేవాళ్లు లేరని అలిగిన మనిషి కదా మీరు. అందుకే రాస్తున్నాను. ముందు కూర్చోండి. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

నా ఉద్యోగాన్ని మీరు "పాత రేకులకు నీళ్లు పోసే పని" అని మీ కోడలు రేవతక్కతో అన్నారట, నాకు తెలిసింది. నిజమే. ఇప్పుడు ఏ ఇంట్లోనూ మోగించే యంత్రం లేని పాత రికార్డులను కడిగి, మోగించి, వాటిలోని శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడమే నా పని. ఈ నెల ఎక్కడో ఒక గిడ్డంగి ఖాళీ చేస్తూ కొన్ని పెట్టెలు మాకు పంపారు. అవి బజారులో అమ్మిన రికార్డులు కావు. వెనకటి రోజుల్లో జీపులో యంత్రం వేసుకుని ఊరూరా తిరిగి, అక్కడికక్కడే పాటలను గీసుకున్న పళ్లేలు. అల్యూమినియం రేకు మీద నల్లటి లక్క పూత ఉంటుంది. పాడుతుంటే సూది ఆ పూతలోకి దిగి గీత గీస్తుంది. ఒక్కో పాటకు ఒక్కటే పళ్లెం, నకలు ఉండదు.

ఒక పెట్టె అడుగున ఉన్న పళ్లెం మీద చీటీ చదివి నేను గట్టిగా అరిచాను. "మైపాడు. వల లాగేటప్పటి పాట. హజరత్తయ్య వల." అంతే రాసి ఉంది.

తాతయ్య పాటను జీపువాళ్లు గీసుకుపోయారని మీరు ప్రతి పెళ్లిలోనూ చెప్పే కథ నిజం మామయ్యా. మేమంతా నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తాతయ్య పాట ఉంది, నా బల్ల మీద ఉంది. ఆఫీసులో కనిపించిన ప్రతివాళ్లకూ "ఇది మా తాత" అని చూపించాను. మీ మేనకోడల్ని కదా, మీ గొప్పలు నాకు రాకుండా ఎక్కడికి పోతాయి.

అయితే పళ్లెం ఆరోగ్యం బాగా లేదు. అంచున పూత పెచ్చులు లేస్తోంది. మహా అయితే కొద్దిసార్లు మాత్రమే సూది పెట్టగలను. నేను తొందరపడను, మీరు తొందరపెట్టకండి.

వనజ

*

మైపాడు,
నవంబరు చివర.

అమ్మణ్ణీ వనజాక్షీ,

నువ్వు కూర్చుని చదవమన్నావు. చదివాక కూర్చోలేకపోయాను. ఉత్తరం పట్టుకుని రేవు దాకా నడిచి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్లందరికీ పైకి చదివి వినిపించాను. మళ్లీ ఇంటికి వచ్చి రేవతికి చదివాను. ఆ పిల్ల పులుసు మాడబెట్టింది. నేను ఏమీ అనలేదంటే నా సంతోషం ఎంతో నువ్వే అర్థం చేసుకో.

ఆ జీపు వచ్చినప్పుడు నేను అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లవాణ్ణట. పెద్దవల లాగడం నువ్వు చిన్నప్పుడు చూశావు. పడవలో వల తీసుకుపోయి సముద్రంలో దించి వస్తే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డున నిలబడి లాగుతారు. ఒకరు పాట ఎత్తుకోవాలి. మిగిలినవాళ్లు వంత పాడుతూ అందరూ ఒకేసారి అడుగు వెనక్కి వేయాలి. అడుగు కలవకపోతే వల కదలదు. ఆ పాటనే జీపువాళ్లు గీసుకుపోయారు. కొన్నాళ్లకు పంచాయతీ రేడియోలో "మైపాడు హజరత్తయ్య బృందం" అని చెప్పి వేశారు. ఊరంతా విన్నది. నేను మాత్రం నిద్రపోయానట. ఆ నిద్ర గురించి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

నాకు ఊహ తెలియకముందే తుఫానులో వల పోయింది, ఆ వెనకే నాన్న పోయాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు వీధులు తిరిగి నన్నూ మీ అమ్మనూ పెంచింది. మా నాన్న ముఖం నాకు ఒక్క ఫోటోలో తెలుసు. గొంతు తెలియదు. ఇంతకాలం ఆయన పాట గురించి చెప్పుకున్నానే గానీ, వినలేదు. ఇప్పుడు వింటాను.

ఇంకొక సంగతి. రేవులో చేపల వేలానికి కొత్త షెడ్డు కడుతున్నారు, మార్చిలో ప్రారంభం. ఊరి పెద్దలను ఒప్పించి గోడకు నల్లరాయి ఫలకం పెట్టిస్తున్నాను. "ఈ రేవు పాటను రేడియోకు ఎక్కించిన గాయకుడు హజరత్తయ్య." రాయి చెక్కడానికి నెల్లూరులో ఇచ్చేశాను. ప్రారంభం రోజున నువ్వు పంపే పాట మైకులో వేస్తాం. తొందరపెట్టడం లేదు. ఊరికే చెబుతున్నాను.

నీ మామయ్య

*

హైదరాబాదు,
డిసెంబరు.

మామయ్యా,

పాట వచ్చేసింది. కవరులో ఉన్న పెన్‌డ్రైవ్‌ను రేవతక్కకు ఇవ్వండి, టీవీకి పెడుతుంది.

ఆ రోజుల్లో లక్క పూతలో ఆముదం కలిపేవారట. ఏళ్లు గడిచాక అది పైకి ఊరి తెల్లగా పేరుకుంటుంది. మెత్తటి కుంచెతో, గీత పోయిన దారినే, పసిపిల్లకు తలంటినట్టు తుడిచాను. సూదుల్లోనూ రకాలుంటాయి. పాత సూది నడిచి అరిగించిన చోట కాకుండా, గీత గోడకు ఇంకా కొత్తదనం ఉన్న చోట ఆనే సూది ఏదో వెతికి పెట్టాను. పెచ్చులు లేచిన అంచు జోలికి పోకుండా కొంచెం లోపలి నుంచి మొదలుపెట్టాను. చిటపటల వెనక నుంచి అల విరిగిన చప్పుడు ముందు వచ్చింది. ఆ అల మనదే అనుకోగానే కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాను. తర్వాత పాట.

ఒక్క అనుమానం ఉంది. వాళ్ల యంత్రం జీపు బ్యాటరీతో నడిచింది కాబట్టి, పళ్లెం అప్పుడు తిరగాల్సిన వేగంతోనే తిరిగిందని ఖాయంగా చెప్పలేం. గొంతు సంగతి మీరే విని రాయండి. నేను ఏమీ అనను.

వనజ

*

మైపాడు,
డిసెంబరు.

అమ్మణ్ణీ,

నీ యంత్రంలో ఏదో తేడా ఉంది.

రేవతి టీవీకి పెట్టింది. ఇరుగుపొరుగు అందరినీ పిలిచి కూర్చోబెట్టాను, వచ్చినవాళ్లకు టీ కూడా ఇచ్చాం. పాట మొదలైంది. వంతవాళ్లు నిక్షేపంగా ఉన్నారు. "ఏలో ఏలో" అని గట్టిగా, మగవాళ్లు మగవాళ్లలాగే పాడారు. మా నాన్న ఒక్కడే ఆడగొంతుతో పాడుతున్నాడు. జనం నా ముఖం వంక చూశారు. "యంత్రం వేగంగా తిరిగింది, మా మేనకోడలు సరిచేస్తుంది" అని చెప్పి పంపించాను.

కాబట్టి వంతవాళ్ల జోలికి పోకుండా మా నాన్న ఒక్కడి వేగం తగ్గించు. కంప్యూటరులో ఈ రోజుల్లో కానిది లేదంటారు కదా. రాయి సగం చెక్కడం అయిందని కబురు వచ్చింది.

నీ మామయ్య

*

హైదరాబాదు,
జనవరి.

మామయ్యా,

అందరూ ఒకే గీతలో ఉన్నారు. ఒకే సూది కింద నుంచి వచ్చారు. ఒక్కరిని ఆపి మిగిలినవాళ్లను నడిపించడం నా చేతిలో లేదు, చేతిలో ఉన్నా చేయను. తగ్గిస్తే అందరికీ తగ్గుతుంది.

మీరు అడిగారు కాబట్టి రెండు పాటలు పంపుతున్నాను. మొదటిది పళ్లెం మీద ఉన్నది ఉన్నట్టు. రెండోది, పాట ఎత్తుకున్న గొంతు మగగొంతు అయ్యేదాకా వేగం తగ్గించినది. ఏది సరైనదో నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని తేల్చను. అది వల లాగడానికి పాడిన పాట. ఇప్పటికీ పెద్దవల లాగేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. ఆ స్పీకరు ఒడ్డుకు తీసుకుపోయి, రెండు పాటలకూ తాడు లాగించి చూడండి. ఏ పాటకు అడుగు కలిస్తే అదే సరైన వేగం.

మామయ్యా, ఏది తేలినా మీరు నా మీద కోప్పడకూడదు.

వనజ

*

మైపాడు,
జనవరి చివర.

వనజాక్షీ,

నువ్వు చెప్పినట్టే చేశాను.

పెంచలకృష్ణ వల దించి వచ్చిన రోజు చూసుకుని స్పీకరు తీసుకుపోయాను. పెంచలకృష్ణ నాకు వరసకు కొడుకు అవుతాడు, ఈ రేవులో ఇంకా పెద్దవల ఉన్న ఒకరిద్దరిలో వాడొకడు. నేనే పట్టుబట్టి ముందు రెండో పాట, నిదానం పాట, వేయించాను. నాన్న గొంతు గంభీరంగా మొదలైంది. నా గుండె పొంగింది. రెండు అడుగులు వేశారో లేదో తాడు జారింది.

"ఏంది పెదనాయనా ఇది, పాట నిద్రబోతా ఉండాది! అడుగేసే లోపల అలొచ్చి తాడు లాక్కపోతా ఉండాదే" అన్నాడు పెంచలకృష్ణ.

"ఇంకొంచెం ఓపిక పట్టండ్రా" అన్నాను.

"ఓపిక పడితే వల రాదు. మనమే పొయ్యి వల్లో పడతాం" అని ఇంకొకడు అన్నాడు. అందరూ నవ్వారు. వంతవాళ్ల గొంతులు కూడా మనుషుల గొంతుల్లా లేవు, బావిలో నుంచి రాక్షసులు మూలుగుతున్నట్టు ఉన్నాయి. అది నేనూ విన్నాను.

మొదటి పాట వేయమని వాళ్లే అడిగారు. వేశాను. నాలుగో వంతకల్లా అడుగులు కలిసిపోయాయి. పాట నేర్పించాల్సిన పని లేకుండానే కుర్రవాళ్లు వంత అందుకున్నారు. వల వస్తూనే ఉంది. గంపలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలో ఆదిశేషమ్మ ఉంది. మా అమ్మతో కలిసి చేపలమ్మినావిడ, నాకు పిన్నమ్మ వరస, ఎనభై దాటింది. ఆమె గంప కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఇది నాగులమ్మక్క గదరా అబ్బయా! ఆ గొంతు నాకు తెలవదా?"

"మా నాయిన పాట గదా పిన్నమ్మా" అన్నాను.

"మీ నాయిన ఒడ్డున యాడుండాడు? వల గలాయన పడవలో బొయ్యి వల దించాల. నీళ్ల గుణం తెలిసినోడు ఆయన. ఒడ్డున తాడు కాడ పాటెత్తుకునేది మీ యమ్మే. ఎప్పుడూ ఆయమ్మే."

"మరి రేడియోలో హజరత్తయ్య అని చెప్పినారే?"

"జీపాయన పేరడిగినాడు, మనోళ్లు వల గలాయన పేరు చెప్పినారు. ఒడ్డున దేనికైనా ఆ పేరే గదా చెప్పేది. చేపలకైనా, కూలోళ్లకైనా, కొట్లాటకైనా. పాటకి మాత్రం వేరే పేరు చెప్తారా?"

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలా?"

"నువ్వు మా నాయిన పాట, మా నాయిన పాట అని ఎగిరెగిరి చెప్తా ఉంటే, మీ యమ్మే నవ్వుకుంటా గమ్మునుండె. ఆయమ్మే గమ్మునుంటే మాకేంది?"

అంతే అమ్మణ్ణీ. నాన్న గొంతు దొరికిందనుకున్నాను, మళ్లీ పోయింది. చెక్కిన రాయి నిన్న ఇంటికి వచ్చింది, వసారాలో గోనె కప్పి పెట్టాను. కొన్నాళ్లు నాకు ఏమీ రాయకు.

ముత్యాలయ్య

*

హైదరాబాదు,
ఫిబ్రవరి.

మామయ్యా,

రాయవద్దన్నారు, రాస్తున్నాను. పోస్టుమాస్టరు గారికి ఉత్తరాన్ని వెనక్కి పంపే అధికారం ఉంటే పంపుకోండి.

మొదటిసారి వినగానే నాకు తెలిసింది. వంతవాళ్లు మగవాళ్లలాగే వినబడుతుంటే పాటగొంతు ఒక్కటే మారదు కదా. అది అమ్మమ్మ అని కాదు, ఎవరో ఆడమనిషి అని తెలిసింది. మీరు రాయి చెక్కిస్తున్నారని రాశారు, తాతయ్య గొంతు వింటానని రాశారు. ఆ మాట నా నోటితో చెప్పలేకపోయాను. తాడు చెబుతుందిలే అనుకున్నాను. అది పిరికితనమో, మీ మీద ప్రేమో నాకు తెలియదు.

తాతయ్య గొంతు దక్కలేదని మీరు బాధపడుతున్నారు. నాకూ బాధగానే ఉంది. కానీ మామయ్యా, అంతమంది మగవాళ్లను ఒక్క గొంతుతో నడిపించిన మనిషి మా అమ్మమ్మ అని తెలిసిన రోజు నేను ఇంటికి నేల మీద నడుస్తూ రాలేదు. నా చిన్నప్పుడు ఆమె నా తల దువ్వుతూ ఏమీ పాడేది కాదు. జడ గట్టిగా లాగేది, అంతే గుర్తు.

కంప్యూటరులో ఈ పాట పక్కన ఒక పేరు రాయాలి. చీటీలో ఉన్న పేరు అలాగే ఉంచవచ్చు, ఎవరూ అడగరు. రాయి కూడా చెక్కినట్టే పెట్టుకోవచ్చు. ఊళ్లో మీ పరువు మీకు ముఖ్యం. ఏం రాయమంటారో మీరే చెప్పండి, అదే రాస్తాను.

వనజ

*

మైపాడు,
ఫిబ్రవరి.

అమ్మణ్ణీ,

నీ ఉత్తరం చదివి, తలుపు వేసుకుని, మొదటి పాట మళ్లీ పెట్టుకున్నాను. మొదట విన్నప్పుడు మగగొంతు కోసం వెతుకుతున్నాను, అందుకే అమ్మ వినపడలేదు. ఇప్పుడు వెతకలేదు. మాట చివర ఆమె ఊపిరి తీసుకునే తీరు వినగానే అమ్మను గుర్తుపట్టాను. నెల్లూరులో "చేపలమ్మా చేపలూ" అని ఆమె కేక వేస్తే పక్క వీధిలో కిటికీలు తెరుచుకునేవి. బడిలో నా తోటివాళ్లు ఆ కేకను ఎగతాళి చేస్తే నేను వాళ్లను కొట్టాను, దెబ్బలు తిన్నాను. సముద్రం మీదికి వేసిన గొంతు అది. వీధులు దానికి ఏ మూలకు!

ఊరి పెద్దల దగ్గరికి పోయి రాయి మారుస్తానని చెప్పాను. ఒకాయన "వల ఎవురిదో వాళ్ల పేరే గదా రాసేది, ఆడమనిషి పేరు గోడకెక్కించేది ఏంది ముత్యాలయ్యా" అన్నాడు.

"వల మా నాయినది. పాట మా యమ్మది. నా పరువు సంగతి నేను చూసుకుంటా. రెండు పేర్లూ లేకపోతే ఆ రాయి మా ఇంట్లోనే ఉంటాది, దాని మీద గుడ్డలుతుక్కుంటాం" అన్నాను.

పెద్దాయనకు కోపం వచ్చింది. గంపలు దించి వింటున్న ఆడవాళ్లు అటు జరగలేదు, ఇటు జరగలేదు. రేపు షెడ్డు తెరిస్తే వేలంలో చేపలు కొనాల్సింది వాళ్లే కదా, వాళ్లతో తగవు పెద్దాయనకు కుదరదు. చివరికి "నీ ఇష్టం" అన్నాడు. చెక్కేవాడు రాయిని తిరగేసి వెనకవైపు కొత్తగా చెక్కాడు. "పాట నాగులమ్మది. వల హజరత్తయ్యది." పాత రాత గోడలోకి పోతుంది.

కంప్యూటరులో నాగులమ్మ అని రాయి. మొత్తం పేరు కావాలంటే మైపాడు నాగులమ్మ అని రాయి. పెద్ద అక్షరాలు ఉంటే అవి వాడు.

నీ మామయ్య

*

హైదరాబాదు,
మార్చి.

మామయ్యా,

రాశాను. ఉన్నవాటిలో పెద్ద అక్షరాలే వాడాను.

పళ్లేన్ని శాశ్వతంగా పెట్టెలో పెట్టే ముందు, ఇన్నాళ్లూ భయపడి వదిలేసిన అంచు మీద ఆఖరిసారి సూది పెట్టాను. పెచ్చుల మీద అది ఎగిరిపడింది. ముక్కలు ముక్కలుగా తీసుకుని కంప్యూటరులో ఒకదానికొకటి కుట్టాను. పాట ఎత్తుకోవడానికి ముందటి కొన్ని క్షణాలు అవి. యంత్రం మొదలైందని ఒడ్డున వాళ్లకు ఇంకా తెలియదు. అందులో ఏముందో రాయను. నేను దిద్దిందీ చేర్చిందీ ఏమీ లేదు. నా మాట మీద నమ్మకం ఉంటే ముందుగా వినకండి. షెడ్డు దగ్గర, అందరిలో, పాటతో పాటే వినండి.

సెలవు దొరకలేదు. రాలేనందుకు ఏడుపు వస్తోంది. జరిగిందంతా రాయండి.

వనజ

*

మైపాడు,
మార్చి.

అమ్మణ్ణీ వనజాక్షీ,

నీ మాట నిలబెట్టాను, ముందుగా వినలేదు. రేవతి మాత్రం వింటానని చాలా గొడవ చేసింది.

షెడ్డు నిండా జనం. ఎప్పుడూ వెనక నిలబడే ఆడవాళ్లు ఆ రోజు ముందు కూర్చున్నారు, ఎవరూ లేవమనలేదు. రాయి మీద గుడ్డను ఆదిశేషమ్మ పిన్నమ్మ చేత తీయించాను. మైకు నా చేతికిచ్చి మాట్లాడమన్నారు. వల గురించి, పాట గురించి, జీపాయనకు మనవాళ్లు చెప్పిన పేరు గురించి చెప్పాను. ఈ కథను పెళ్లిళ్లలో ఇన్నేళ్లూ తప్పుగా చెప్పాను, ఇకనుంచి సరిగ్గా చెబుతాను, ఇంకా ఎక్కువసార్లు చెబుతాను అన్నాను. చప్పట్లు కొట్టారు. పాట పెట్టమన్నాను.

చిటపటలు వచ్చాయి. అల విరిగింది. ఎవరో దగ్గారు. అప్పుడు మా అమ్మ గొంతు, పాటలో కాదు, మామూలుగా ఇంట్లో అరిచినట్టు:

"ముత్యాలూ! తాడొదల్రా! పెద్దోళ్ల మధ్యన నువ్వేంది లాగేది, కాళ్ల కింద పడతావు. వొదల్రా నాయినా!"

ఆ తాడు దగ్గర మగవాళ్లు నవ్వారు. ఇక్కడ షెడ్డులో జనమూ నవ్వారు. ఆ నవ్వులోంచే ఆమె పాట ఎత్తుకుంది. ముందు కూర్చున్న ఆడవాళ్లు వంత అందుకున్నారు, తర్వాత మగవాళ్లు. నాకు కళ్లు కనపడలేదు. డెబ్బై దాటినవాణ్ణి, ఊరందరి ఎదుట మా అమ్మ చేత తిట్లు తిన్నాను అమ్మణ్ణీ. ఈ రేవులో ఇంత గౌరవం ఇంకెవరికి జరిగిందో చెప్పు.

ఆమె తిట్టినప్పుడు నేను కుర్చీలోంచి లేచి "వొదలనమ్మా" అన్నానట. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఊరంతా విన్నది.

నాగులమ్మ కొడుకు
ముత్యాలయ్య